దేహమునకు కావలికాయు సేనలు: వాని చరిత్ర, వాని పొరపాటు

ప్రస్తావన

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన శుభసందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పంచాయతీ లెక్కలు, సహకార సంఘపు లెక్కలు వ్రాసి జీవించువాడను. భారత భాగవతములను, కొలదిపాటి సంస్కృతమును ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే, గురువు లేకుండ, నిఘంటువు సాయమున నేర్చుకొంటిని. కావున ఏ కాకతీయుల చరిత్రయో వ్రాయుదునని పలువురు తలచి యుందురు. నేను వ్రాయబూనినది మన దేహములోపల అనుదినము జరుగు యుద్ధముల చరిత్ర. అందులకు కారణము కలదు.

మన ఊరివారికి జబ్బు ముదిరిన హైదరాబాదునకే పోవలెను. హైదరాబాదనగా మనకు దాని తూర్పు వాకిలియే. విజయవాడ రాచబాటపై బస్సెక్కినవారము ఎల్.బి.నగర్ కూడలిలో దిగుదుము. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన నగరమది. అక్కడినుండి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వరకు గల బాట కిరుప్రక్కల మందుల దుకాణములు, రక్తపరీక్షల గదులు, వైద్యుల పేరుపలకలు వరుసగా కన్పట్టును. 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి ఆ బాటపై మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుండిన స్థలముననే 2022 ఏప్రిల్ 26న గొప్ప ప్రభుత్వాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. మామిడికాయల లారీలు నిలిచినచోట రోగుల మంచములు వేయ సంకల్పించిరన్నమాట. మన తూర్పు ప్రాంతపు పల్లెల కష్టసుఖములన్నియు ఆ నాలుగైదు కిలోమీటర్ల బాటపై చేతిలో చీటీ పట్టుకొని నడచుచుండును.

2019వ సంవత్సరమున నేనును అట్టి చీటీ పట్టుకొని నడచితిని. నా సహధర్మచారిణికి చేతివ్రేళ్ల కణుపులు వాచి, తెల్లవారి లేచిన గంటవరకును పిడికిలి ముడువరాకుండెను. చల్ల చిలుకుట, ముగ్గు పెట్టుట కూడ కష్టమాయెను. దిల్‌సుఖ్‌నగర్‌లోని వైద్యుడు పరీక్షలన్నియు చూచి, "అయ్యా, ఇది ముసలితనపు కీళ్లనొప్పి కాదు. అమ్మగారి ఒంటిని కాపాడవలసిన సేనయే ఆమె కీళ్లమీద దండెత్తినది" అని చెప్పెను. ఆ మాట నా చెవిలో నిలిచిపోయెను. కాపాడువాడే శత్రువగుట యెట్లు? ఈ ప్రశ్నతో నేను ఈ గ్రంథాలయమున కూర్చుండి చదివిన దానిని, నా స్వీయానుభవమును ఇచ్చట విన్నవించుచున్నాను.

పూర్వుల యెఱుక

ఒకమారు సోకి తగ్గిన కొన్ని రోగములు మరల సోకవను సంగతి మానవుడు ఏనాడో గమనించెను. క్రీస్తునకు పూర్వము 430 ప్రాంతమున ఏథెన్సు నగరమును ఒక మహామారి పీడింపగా, ఆ రోగమునుండి బ్రతికినవారే తక్కిన రోగులకు నిర్భయముగ పరిచర్య చేసిరనియు, వారికి రోగము తిరుగబెట్టినను ప్రాణాంతకము కాలేదనియు థుసిడిడీస్ అను చరిత్రకారుడు వ్రాసెను. మన చరకసంహితయందు వ్యాధిక్షమత్వము అను మాట కలదు. ఒకే దోషము ఒకని పడవేయగా వేరొకని ఏమియు చేయలేకుండుటకు కారణమైన దేహబలమని దానికర్థము. ఆ బలము ఎచ్చట నున్నది, ఎట్లు పనిచేయునను విషయములు మాత్రము చిరకాలము గూఢముగనే యుండెను.

మన తెలుగునాట ఈ యెఱుక అమ్మవారి రూపమున నిలిచినది. మశూచికమును అమ్మవారు పోసినదనిరి. ముత్యములవంటి పొక్కుల కధిదేవత ముత్యాలమ్మ. ఊరి పొలిమేరను కాచునది పోచమ్మ. సికింద్రాబాదు మహంకాళి బోనములకు సైతము 1813 నాటి మహామారియే మూలమని సంప్రదాయ కథ చెప్పుచున్నది. ఉజ్జయినిలో కొలువుచేయుచుండిన మన ప్రాంతపు సైనికోద్యోగి యొకడు, తనవారిని మారినుండి కాపాడిన నిన్ను మా ఊరికి కొనిపోయి నిలిపెదనని అమ్మవారికి మ్రొక్కుకొనెనట. భయమునుండి భక్తియు, భక్తినుండి శుచియైన కొన్ని ఆచారములును పుట్టినవి. అమ్మవారు పోసిన యింటికి వేపమండలు కట్టి, పరులను రానీయకుండుట వాడుకయైనది.

మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుని చర్మమున గీటి, స్వల్పరోగమును తెప్పించి పెద్దరోగమును నివారించు పద్ధతి 18వ శతాబ్దిలో వంగదేశమున వాడుకలో నుండెను. అది కొందరికి ప్రాణాపాయమును తెచ్చెడిది. 1796 మే 14న ఇంగ్లండున ఎడ్వర్డ్ జెన్నరు అను పల్లెవైద్యుడు మశూచికి మారుగ ఆవుల పొదుగుపై లేచు పొక్కుల రసిని ఒక బాలుని భుజమున అంటించి, వానికి మశూచి రాకుండుట నిరూపించెను. లాటిను భాషలో ఆవునకు గల పేరునుండియే వ్యాక్సిను అను మాట పుట్టినది. ఆ టీకా 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేయబడినది. భారతదేశమున అదియే మొదటిది.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ టీకా ధన్వంతరి గ్రంథముననే కలదని చెప్పు సంస్కృత వాక్యములు 19వ శతాబ్ది ఆరంభమున ప్రచారమైనవి. జనులు టీకాకు వెఱవకుండుటకై నాటివారు సదుద్దేశముతో కల్పించిన వాక్యములవి యని తరువాతి పరిశోధకులు తేల్చిరి. నాకు ప్రాచీన గ్రంథములన్న మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతి చేతనే చెప్పుచున్నాను: మన పూర్వులకు లేని కీర్తిని అంటగట్టిన, వారికి నిజముగ గల కీర్తియు అనుమానమున పడును.

టీకాలు వేయువాడు ఊరిలోనికి వచ్చుచున్నాడన్న, పిల్లలు గాదెల వెనుక దాగెడివారని మా అమ్మగారు చెప్పెడిది. ఆమె భుజముపై రూపాయ బిళ్లంత మచ్చ కడవరకు నిలిచియుండెను. ఆ మచ్చల ఫలముగ 1975 మే మాసము తరువాత మన దేశమున మశూచి పుట్టలేదు. 1980 మే 8న భూమండలముననే అది లేదని ప్రపంచారోగ్య సభ ప్రకటించెను. వేలయేండ్లు మనుష్యుని వెంటాడిన రోగము ఒక తరములో కథగా మారిపోయినది.

కావలివారెవరు?

ఇక దేహములోపలి సేనను చూతము. మొదటి ప్రాకారము చర్మము. దాని తరువాత ముక్కులోని చీమిడి, కంటినీరు, లాలాజలము, కడుపులోని పులుసు. వీనిని దాటి లోన చొచ్చిన క్రిమిని రక్తములోని తెల్లకణములు పట్టును. రక్తపరీక్ష చీటీపై వీని లెక్కను మీరు చూచియే యుందురు. ఆరోగ్యవంతుని రక్తమున ఒక్క ఘన మిల్లీమీటరునకు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణములుండును. ఆవగింజకంటె తక్కువ చోటున ఇంత జనాభా!

వీనిలో కొన్ని శత్రువును మ్రింగు భటులు. 1882లో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనాలో మెచ్నికాఫ్ అను రష్యను పండితుడు అద్దమువలె పారదర్శకమగు నక్షత్రచేప పిల్ల దేహమున చిన్న ముల్లు గ్రుచ్చి చూడగా, మఱునాటికి సంచరించు కణములు ఆ ముంటిచుట్టు మూగియుండెను. మన కాలిలో ముల్లు విరిగినచోట చీము చేరుటయు ఇదియే. చీమనగా పోరి చచ్చిన భటుల గుంపు.

మఱికొన్ని కణములు లెక్కలు వ్రాయునట్టివి. మా తాతగారు పట్వారీగిరి చేసిరి. ఆయన దస్తరములో ప్రతి సర్వే నంబరునకు పహాణీ యుండెడిది. కొత్తవాడెవడైన పొలము నాదియని వచ్చిన, గట్టున నిలుచుండి వాదులాడక దస్తరము విప్పి చూచెడివారు. మన దేహమునను అట్టి దస్తరము కలదు. ఎముక మూలుగనుండి పుట్టు బి కణములు ఒక్కొక్కటి ఒక్కొక్క రూపమును మాత్రమే గుర్తుపట్టు శక్తితో పుట్టును. తనకు సరిపడు శత్రువు తగిలినప్పుడు ఆ కణము వేలకు వేలుగ పెరిగి, శత్రువున కంటుకొని వానిని నిర్వీర్యుని చేయు ప్రతిరక్షకములను రక్తమున విడుచును. 1890లో బెర్లిను నగరమున బేరింగ్, కిటసాతో అను శాస్త్రజ్ఞులు ధనుర్వాతమున, కంఠసర్పి రోగమున ఇట్టి రక్షక గుణము రక్తరసమునందుండుట కనుగొనిరి. యుద్ధము ముగిసిన పిదప ఆ కణములలో కొన్ని చావక, పాత దస్తరమువలె నిలిచియుండును. మరల అదే శత్రువు వచ్చిన, మొదటిమారు పదిదినములు పట్టిన పని ఈమారు రెండు మూడు దినములలో తీరును. టీకా యనగా శత్రువు రాకమునుపే వాని ఆనవాలును ఆ దస్తరమున వ్రాయించుటయే.

టి కణములను మఱియొక తెగ కలదు. ఇవి రొమ్ముటెముక వెనుక నుండు థైమస్ అను గ్రంథియందు చదువు నేర్చును. చిరకాలము నిరుపయోగమని తలచిన ఆ గ్రంథి యొక్క ప్రాముఖ్యమును 1961లో జాక్ మిల్లర్ అను వైద్యుడు నిరూపించెను. అచ్చట పరీక్ష మిక్కిలి కఠినము. తన దేహముపైననే పగబూను స్వభావము గల కణములలో పెక్కింటిని ఆ గ్రంథి అచ్చటనే అంతము చేయును. తప్పించుకొని బయటపడిన వానిని అదుపున నుంచుటకు వేరే నియంత్రక టి కణములు కలవు. వీనిని 1995లో జపాను శాస్త్రజ్ఞుడు సకగూచి గుర్తించెను. ఆ పరిశోధనకు గాను ఆయనకును, అమెరికను శాస్త్రజ్ఞులగు బ్రన్కో, రామ్స్‌డెల్ గార్లకును 2025లో నోబెల్ బహుమతి వచ్చినది.

దీనినిబట్టి దేహరక్షణమనగా చంపుట మాత్రమే కాదని తేలుచున్నది. ఎవరిని చంపరాదో తెలియుట అంతకంటె పెద్ద విద్య. విభీషణుడు శరణుజొచ్చినప్పుడు సుగ్రీవుడు వధింపుమనెను. హనుమంతుడు వాని మాటతీరును పరికించి స్వీకరింపదగునని చెప్పెను. సేనకు ఇరువురును కావలెను. మనము తిను అన్నము పరాయిది. తల్లి గర్భముననున్న శిశువు తండ్రివైపునుండి సగము పరాయివాడు. వీరిని చంపక కాచుట దేహములోని హనుమంతుని పనియే.

యాదవ కలహము

ఆ వివేకము తప్పిన ఏమగును? తిక్కన సోమయాజి తెనిగించిన మౌసలపర్వము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఏ శత్రువును జయింపలేని యాదవులు, సముద్రతీరమున తమలో తాము తుంగతో కొట్టుకొని నశించిరి. కృష్ణుడే చెంతనున్నను ఆ కలహము ఆగలేదు. దేహమున అట్టి కలహము కలుగుట అసంభవమని 20వ శతాబ్ది ఆరంభమున ఎర్లిక్ అను జర్మను మహాపండితుడు భావించెను. తనను తాను చంపుకొనుటకు దేహము భయపడునని ఆయన వాదము. ఆ వాదము అందరి మన్నన పొందినందున, సత్యము బయటపడుటకు అర్ధశతాబ్ది పట్టినది.

ఆ సత్యమునకు దగ్గరి సాక్ష్యము మన పల్లెలలోనే యుండెను. కుక్క కరచిన బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయించుకొనుట నా యీడువారందరును ఎఱుగుదురు. నాకు పదియవ యేట అవి తప్పలేదు. ఆ మందు గొఱ్ఱె మెదడునుండి చేయబడెడిది. 1911లో కసౌలియందు డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు రూపొందించిన విధానమది. దాని వలన లక్షలాది ప్రాణములు నిలిచినవి. కాని వేలమందిలో ఏ కొందరికో సూదులు పూర్తియగు వేళకు కాళ్లు చచ్చుబడెడివి. కుక్క విషము పైకెక్కినదని జనులనుకొనిరి. నిజమది కాదు. మందుతోపాటు గొఱ్ఱె మెదడులోని నరముల తొడుగు ఒంటిలోనికి పోగా, మన సేన దానిని శత్రువని దస్తరమున వ్రాసికొనెను. మన నరముల తొడుగు సైతము అట్టిదే గనుక, ఆ ఆనవాలు పట్టుకొని సొంత నరములపై పడెను. 1930 తరువాతి దశకములో థామస్ రివర్స్ అను అమెరికను వైద్యుడు కోతులకు మెదడు పదార్థమును పలుమారులు సూదివేసి, విషక్రిమి యేమియు లేకుండగనే ఆ వ్యాధిని తెప్పించి చూపెను.

2004తో మన దేశమున ఆ గొఱ్ఱెమెదడు మందు తయారీ నిలిచినది. నేటి మందున మెదడు పదార్థము లేదు. దానిని భుజమున నాలుగైదు మారులు వేయుదురు. అట్టి మందును హైదరాబాదునందే తయారుచేయుచున్నారు. కావున కుక్క కరచిన, సబ్బునీటితో పావుగంట కడిగి, ఆ దినముననే సూదికి పోవలెను. ఆకుపసరుతో కాలయాపన చేసినవారిని కడకు నల్లకుంట జ్వరాసుపత్రికి మోసికొనిపోవుట మనము చూచినదే. ఆ ఆసుపత్రిని కోరంటి దవాఖాన అందురు. రోగులను వేరుగ నుంచు క్వారంటైను అను మాటయే మన నాలుకపై కోరంటి యైనది. కుక్కపిచ్చి పైకెక్కినవారికి ఆ దవాఖాననందైనను మందు లేదు.

కీళ్లవాతము సైతము ఇట్టి గృహకలహమే. సేన కీళ్లలోని పలుచని పొరను శత్రువని తలచి నిత్యము ముట్టడించును. ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగ వచ్చును. పసివారికి వచ్చు మధుమేహమున సేన ఇన్సులిను తయారుచేయు కణములను చంపును. గొంతులోని థైరాయిడు గ్రంథిపైనను, చర్మముపైనను పడుట కలదు. ఉబ్బసము వేరొక తీరు పొరపాటు. దుమ్ము, పుప్పొడివంటి నిరపాయ వస్తువును చూచి సేన అతిగ ఉలికిపడుటయే యది. అల్పునిపై బ్రహ్మాస్త్రము వేసినట్లన్నమాట.

భీమవరము బిడ్డ

ఇట్టి కలహము నణచు మందులలో ముఖ్యమైనది ఒక తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందము వర్ణింపరానిది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమారు గాని నెగ్గలేదు. మన ఊరి బాలురు ఈ మాట గుర్తుంచుకొందురు గాక! మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఇద్దరు సోదరులను గ్రహణివంటి స్ప్రూ అను వ్యాధికి కోల్పోయిరి. 1922లో బోస్టను చేరి, హార్వర్డు విద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలిసి కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చి గొప్ప పరిశోధన చేసిరి. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరిరి.

అచ్చట ఆయన నేతృత్వమున బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూకు పనికివచ్చు ఔషధమది. కణములు పెరుగుటకు అదియే ఆధారము. దానిని పోలిన వేషధారి పదార్థములనుకూడ ఆ బృందమే సృష్టించెను. కణము దానిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి స్వీకరించును, పెరుగుట ఆగిపోవును. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో నున్న పిల్లలకు అట్టి మందును ఇచ్చి, తాత్కాలికముగనైన వ్యాధి తగ్గుట చూపెను. ఆ సంవత్సరమే ఆగస్టున సుబ్బారావుగారు ఏబదిమూడవ యేట నిద్రలోనే కన్నుమూసిరి. మరల స్వదేశమును చూడలేదు. 1951లో గబ్‌నర్ అను వైద్యుడు ఆ జాతి మందును కీళ్లవాతమునకు వాడి చూచెను. దాని సోదరమగు మెథోట్రెక్సేటును స్వల్ప మోతాదున, వారమున కొకమారు ఇచ్చుట 1980 తరువాతి పరీక్షలలో నిగ్గుతేలగా, 1988లో అమెరికా ప్రభుత్వము దానిని కీళ్లవాతమునకు అంగీకరించెను. నేడు ప్రపంచమంతటను కీళ్లవాతమునకు మొట్టమొదట ఇచ్చు మందు సాధారణముగ నదియే.

నా లెక్క తప్పిన వైనము

దిల్‌సుఖ్‌నగర్ వైద్యుడు నా భార్యకు రెండు మాత్రలు వ్రాసెను. ఒకటి మెథోట్రెక్సేటు, వారమున కొకమారు, సోమవారము. రెండవది ఫోలిక్ ఆమ్లము; తక్కిన దినములలో నిత్యము. ఒకటి సేన నణచును. రెండవది ఆ అణచుటలో తక్కిన దేహమునకు కలుగు నష్టమును పూరించును. జమ, ఖర్చులవంటి జంట. ఆ రెండును సుబ్బారావుగారి బృందపు కృషియేయని నేను తరువాత తెలిసికొంటిని.

ఆనాడు నాకది తెలియదు. రెండు మాత్రలును చిన్నవి. రెండును పసుపు వన్నెవి. వైద్యుడు విశదముగనే చెప్పెను. నేను ఇంటికి వచ్చి, అలవాటు చొప్పున చీటీని చక్కని దస్తూరితో పెద్ద కాగితముపై ఎత్తి వ్రాసి గోడకు అంటించితిని. ఎత్తివ్రాయుటలో రెండు వరుసలు తారుమారైనవి. ముప్పదియేండ్లుగ ఒక్క రూపాయి తప్పనీయని చేయి భార్య మందు లెక్కలో తప్పినది.

అయిదవనాటికి ఆమె నోరు పూసి, మంచినీరు మ్రింగుటకును కన్నీరు పెట్టుకొనెను. "ఏమండీ, ఈ మందు నాకు సరిపడలేదేమో" అనెను. నేను ఓర్చుకొమ్మంటిని! ఏడవనాడు జ్వరము వచ్చెను. అర్ధరాత్రి బాడుగ కారులో ఎల్.బి.నగర్ దాటుచు, గోడకాగితమును, వైద్యుని చీటీని ఒకదానిప్రక్క నొకటి పెట్టి దీపపు వెలుగున చూచితిని. అప్పుడు తెలిసినది. ఆ వెలుగున నా అక్షరములు నాకు కన్పట్టిన విధమును నేను మరువలేను. ఆసుపత్రిలో తెల్లకణములు 1,400కు పడిపోయెనని చెప్పిరి. కలహమాడు సేనను అణచబోయి, కోటకు కావలియే లేకుండ చేసితిని. ఫోలిక్ ఆమ్లపు జాతికే చెందిన ఫోలినిక్ ఆమ్లమును విరుగుడుగ సూదివేసిరి. పండ్రెండవనాటికి లెక్క కోలుకొనెను, ఆమె కోలుకొనెను. నేను క్షమాపణ చెప్పబోగా, "ఇకమీదట కాగితము నేను వ్రాసుకొందును, మీరు సరిచూడుడు" అని మాత్రమనెను. నాటినుండి అట్లే జరుగుచున్నది. సోమవారపు మాత్ర సోమవారముననే వేసుకొనుచున్నది. ఇప్పుడు ముగ్గు పెట్టగలుగుచున్నది.

మహామారి నేర్పిన పాఠము

2020లో కరోనా వచ్చినప్పుడు, రోగనిరోధకశక్తి పెంచుకొనుడను మాట ప్రతివాని నోటను వినవచ్చెను. కషాయములు, పొడులు, బిళ్లలు ఇంటింటికి వచ్చినవి. మా బంధువొకరు నా భార్యతో కీళ్లమాత్ర మాని పొడి త్రాగుమనిరి. శక్తి పెంచుట ఎల్లవేళల మేలు కాదని మేమప్పటికే ఎఱిగియుంటిమి గనుక, వైద్యుని అడుగక ఏదియు మానలేదు.

ఆ మహామారియందు రెండు విధముల పొరపాటును లోకము చూచినది. కొందరిలో క్రిమికంటె సేన యొక్క ఉప్పెనయే ఊపిరితిత్తులను ముంచినది. ప్రాణవాయువు కావలసిన స్థితికి వచ్చినవారిలో డెక్సామెథసోను అను చౌకయైన మందు, సేన నణచి, మరణములను తగ్గించునని 2020 జూన్‌లో ఇంగ్లండున తేలినది. ప్రాణవాయువు అవసరము లేనివారికి దానివలన మేలు కన్పడలేదు. కాని భయముచేత పలువురు మొదటి దినమునుండియే దానిని మ్రింగిరి. 2021 వేసవిలో మధుమేహము, స్టెరాయిడ్లు కలిసి కావలి తగ్గించినచోట నల్లబూజు ప్రవేశించినది. కోఠీలోని ముక్కు, చెవి, గొంతు ప్రభుత్వాసుపత్రి ఆ రోగులతో నిండిపోయినది. ఎక్కువైనను ముప్పు, తక్కువైనను ముప్పు.

అదే కాలమున మేలును జరిగినది. హైదరాబాదున భారత్ బయోటెక్ వారు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో చేసిన కొవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసరానుమతి లభించినది. జనవరి 16న దేశమంతట టీకాలు మొదలైనవి. టీకాలవాడు వచ్చిన గాదె వెనుక దాగిన తరమువారి మనుమలు వరుసలో నిలుచుండి భుజము చూపిరి.

ముగింపు

పాఠక మహాశయులారా! ఈ చరిత్రనుండి నేను నేర్చినది ఒక్కటే. రక్షణకు బలముకంటె వివేకము ముఖ్యము. తనవారెవరు, పరులెవరు, పరులలో హాని చేయనివారెవరు అను ఎఱుక తప్పిన సేన ఎంత పెద్దదైన అంత కీడు. దేహముననే కాదు, ఊరియందును అంతే.

ఇక ఆచరణకు నాలుగు మాటలు. పిల్లల టీకాలను ఒక్కటియు తప్పింపకుడు. కుక్కకాటును ఉపేక్షింపకుడు. తెల్లవారి కణుపులు బిగిసి వారముల తరబడి వాచియుండిన, వయసు నొప్పియని సరిపెట్టుకొనక వైద్యునికి చూపుడు. ఆలస్యమైన కీలు వంకరవోవును. వారపు మాత్ర వ్రాసిన, ఏ వారమో ఇద్దరు చదివి, ఇద్దరు సరిచూడుడు. లెక్కలు వ్రాయువానికే తప్పినది, ఎవరికైనను తప్పవచ్చును.

నేనీ సంగతులలో పెక్కింటిని నేర్చినది మన గ్రంథాలయపు రెండవ బీరువాలోని పుస్తకములనుండి. ఒక ఊరి గ్రంథాలయము సైతము పాతతరములు పడిన పాట్లను మఱవక దాచి, ఆపద వచ్చిన దినమున విప్పి చూపు దస్తరమే. ఇరువదియైదేండ్లు దానిని చెదలనుండి, వాననుండి కాపాడిన పెద్దలకు నమస్కరించుచు, మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనునుగాక యని కోరుచు విరమించుచున్నాను.